రెండు సెలైన్లు

నా కోపం ముక్కు మీదే ఉంటుందని మా హాస్టల్లో అందరికీ తెలుసు. ఏంజెల్ అని పేరు పెట్టినందుకు మా అమ్మ ఇప్పటికీ నాలుక కరుచుకుంటుంది. నర్సింగ్ మూడో ఏడాదిలో నన్ను చండ్రుగొండ వైపు, అడవి అంచున ఉన్న నలభై పడకల దవాఖానాకు పోస్టింగ్ వేశారు. అక్కడి వార్డు సిస్టర్ తబితా గారిని మొదటి వారమంతా లోపల్లోపల తిట్టుకున్నాను. ఆమె ఏ పనీ గబగబా చేయదు. నాడి చూడాలంటే నిమిషమంటే నిమిషం, అరవై సెకన్లూ చేయి పట్టుకుని కూర్చుంటుంది. మేమేమో పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించే పిల్లలం. "మిగిలిన నలభై అయిదు సెకన్లు గుండె నీకు చెప్పి కొట్టుకుంటదా పిల్లా?" అనేది. నాకు ఒళ్లు మండేది.

ఇప్పుడు ఆమెను ఎవరైనా ఒక్క మాట తక్కువ చేసి మాట్లాడితే నేను ఊరుకోను. ఎందుకో చెప్తాను.

మార్చి నెల. ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల శ్రమదినాలు ముగింపుకొస్తున్నాయి. ఒక శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి మార్కు అనే ఆయన్ని కిరాయి కారులో తీసుకొచ్చారు. అరవై నాలుగేళ్ల మనిషి. ముప్పై ఏళ్లు రైసుమిల్లులో ఆపరేటరుగా చేశాడు, మిల్లు మోతకు చెవులు పోయాయి. వాళ్ల చర్చి సంఘంలో పెద్ద. వెంట భార్య మరియ, మణుగూరులో సెల్‌ఫోన్ల షాపు నడిపే కొడుకు క్రిస్టోఫర్ ఉన్నారు.

కేసు పేపరు రాసే పని నాది. చెవిటాయన కదా అని వార్డు దద్దరిల్లేలా అరిచాను.

"పేరు మార్కేనా?"

"అవ్."

"బీపీ గోళీలు ఏసుకుంటున్నవా?"

"అవ్."

"కూరల ఉప్పు తింటున్నవా?"

"అవ్."

అన్నీ రాసుకున్నాను. రాస్తుండగానే ఆయన మంచం చువ్వ పట్టుకుని మిల్లు లీవరును గుంజినట్టు కిందికి గుంజడం మొదలుపెట్టాడు. ఎంత గుంజినా అది రావడం లేదని చిరాకుపడుతున్నాడు.

"మూడు దినాల నుంచి గిట్లనే చేస్తుండు బిడ్డా," అంది మరియ. "వాంతులు. నడుస్తుంటే తూలుతుండు. ఏదడిగితే ఏందో చెప్తడు. నీరసమని ఊరి డాక్టరు రెండు సెలైన్లు ఎక్కించిండు. తగ్గుడేమో గని ఇంకింత ఎక్కువైంది."

'రెండు సెలైన్లు ఎక్కించారు' అని గుండ్రటి అక్షరాలతో రాశాను. నా చేతిరాత బాగుంటుందని నాకు గర్వం కూడా.

డ్యూటీ డాక్టరు కుర్రాడు, ముందు రోజు నుంచి ఇంటికి పోలేదు. జ్వరం లేదు, షుగరు బాగానే ఉంది, చేతులూ కాళ్లూ ఆడుతున్నాయి. నా పేపరు రెండుసార్లు చదివాడు. "ఒంట్లో ఉప్పు పడిపోయిందేమో అనుకున్నాను," అన్నాడు. "కానీ ఉప్పు తింటున్నాడు, పైగా రెండు సెలైన్లు ఎక్కాయి. సెలైన్ అంటే ఉప్పునీళ్లే కదా. ఇది మానసికంలా ఉంది. హైదరాబాద్ తీసుకెళ్లండి." ఉత్తరం రాసిచ్చాడు.

క్రిస్టోఫర్ మంచం కాళ్ల దగ్గర, తండ్రికి ఎదురుగా నిలబడి తల్లితో అన్నాడు: "నాయినకు పిచ్చి లేసిందమ్మా. ఇగ పిచ్చాసుపత్రిల ఏసుడే." మార్కు కొడుకు మొహంలోకే చూస్తున్నాడు. పాపం వినపడదు, అదే నయం అనుకున్నాను. పదకొండింటికి బయలుదేరాలని డ్రైవరుకు చెప్పేశారు.

అప్పుడు వచ్చింది తబితా సిస్టర్, ఇంజెక్షన్ల ట్రే పట్టుకుని. మంచం దగ్గర ఆగి, కళ్లజోడు సవరించుకుని నా పేపరు మొదటి నుంచి చివరిదాకా చదివింది.

"ఏంజెల్, ఈ పెద్దమనిషి దేనికన్న 'లేదు' అన్నడా?"

"అన్నిటికీ అవ్ అన్నాడు సిస్టర్."

"నీ పేరు మార్కేనా అంటే అవ్ అంటడు, నీ పేరు మరియేనా అన్నా అవ్ అంటడు. వినపడనోళ్లు మనల్ని నొప్పియ్యొద్దని అవ్ అంటరు పిల్లా."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "గొంతు పోయేదాకా అరిచాను. ఇంకెట్ల అడగాలి?"

"గదే తప్పు. అరిస్తే మూతి వంకర పోతది. మిల్లుల ఎవరి మాట ఎవరికి వినపడుతది? ముప్పై ఏండ్లు మూతులు చూసే బతికిండు ఈయన."

ఆమె ట్రే పక్కన పెట్టింది. కిటికీ వెలుతురు తన మొహం మీద పడేలా స్టూలు జరుపుకుంది. మాస్కు కిందికి దించింది. మార్కు చేయి పట్టుకుని, ఆయన తనవైపు చూసేదాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత మామూలు గొంతుతో, మెల్లగా అడిగింది.

"అన్నా, పొద్దున ఏం తాగినవ్?"

"నీళ్లు," అన్నాడాయన. నేను నోరెళ్లబెట్టాను.

"నిన్న ఏం తిన్నవ్?"

"గంజి."

"గంజిల ఏం కలుపుకున్నవ్?"

ఆయన చాలాసేపు వెతుక్కున్నాడు. "శ్రమదినాలు గదమ్మా. ఉప్పు ముట్ట."

"ఇది ఏ ఊరు?"

"మిల్లు. బెల్టు తెగింది. మోటరు బంద్ చెయ్యుండ్రి." మళ్లీ చువ్వ మీదికి చేయి పోయింది.

సిస్టర్ నావైపు తిరిగింది. "చూసినవా? చెవి అడ్డం తీసేసి అడిగితే, తెలిసినకాడికి సరిగ్గనే చెప్పిండు. మిగిలిన తడబాటు చెవుడు కాదు. చెవుడొకటి, ఇది ఇంకొకటి. రెండిటిని కలిపి మనం పిచ్చి అని పేరు పెట్టినం."

మరియను పక్కకు కూర్చోబెట్టి అడిగితే అంతా బయటికొచ్చింది. రెండు నెలల కింద బీపీ అని ఒక డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు, మూత్రం ఎక్కువగా పోయే గోళీ ఇచ్చాడు. అంతలో శ్రమదినాలొచ్చాయి. మార్కు ఈస్టరు దాకా ఉప్పు రవ్వ కూడా ముట్టనని మొక్కుకున్నాడు. ఒంటిపూట గంజి. ఎండకు, తలనొప్పికి తట్టుకోలేక బిందెడు నీళ్లు తాగుతున్నాడు.

"దేవుని కోసమని చేసిండు. అండ్ల తప్పేమున్నది సిస్టరమ్మా?"

తప్పేముందా అని అరవడానికి నేను నోరు తెరిచేలోపే సిస్టర్ నా కాలు తొక్కింది. నిజంగానే తొక్కింది, నొప్పి పుట్టింది.

"తప్పు లేదక్కా. మేం సరిగ్గ అడగకపోవుడే తప్పు," అంది మరియతో.

నా కాలి నొప్పి, నా కోపం రెండూ కలిసి వచ్చాయి. "అయితే ఏంది సిస్టర్? రెండు సెలైన్లు ఎక్కినయ్ గదా. పోయిన ఉప్పు వచ్చే ఉంటది," అన్నాను. గెలిచాననే అనుకున్నాను.

"సెలైన్ అని ఎవరు చూసిండ్రు?"

మా దిక్కున స్టాండుకు వేలాడే ప్రతి సీసా సెలైనే. అందులో ఉప్పునీళ్లున్నా, చక్కెరనీళ్లున్నా, పేరు ఒక్కటే. ఆ మాట నాకూ తెలుసు. మా ఇంట్లో కూడా అలాగే అంటాం. అయినా మరియ వాడుకగా అన్న మాటను వైద్యం మాటలా రాసేశాను.

సీసాలు పారేశామంది మరియ. ఊరి డాక్టరుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. పదిన్నర దాటింది. క్రిస్టోఫర్ బట్టల సంచి కారులో పెట్టి వచ్చాడు. "జల్దీ కానియ్యుండ్రి సిస్టర్, ఎండ ముదురుతది," అన్నాడు. ఆరు గంటల ప్రయాణం. ఒంట్లో ఉప్పు అంతగా పడిపోయి ఉంటే దారిలోనే ఫిట్స్ రావచ్చు, మనిషే పోవచ్చు. అది మాకిద్దరికీ తెలుసు, వాళ్లకు తెలియదు.

మరియ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. "అందరు ప్రార్థన చేసిండ్రు. సెలైన్ పెట్టినప్పుడు ఫోటో తీసి మా సంఘం గ్రూపుల గూడ పెట్టిన," అంది.

సిస్టర్ చటుక్కున ఆమె ముందు కూర్చుంది. "ఏదక్కా, ఆ ఫోటో తియ్యి."

ఫోటోలో మార్కు మంచం మీద పడుకుని ఉన్నాడు. కింద 'మా ఇంటాయన కోసం ప్రార్థించండి' అని ఉంది, దాని కింద నలభై మంది ఆమెన్‌లు. పైన కిటికీ చువ్వకు సీసా వేలాడుతోంది. నేను వేళ్లతో పెద్దది చేశాను. అక్షరాలు మసకగా ఉన్నా చదవొచ్చు. డెక్స్ట్రోజ్, అయిదు శాతం.

చక్కెరనీళ్లు. ఉప్పు చిటికెడు కూడా లేదు. ఒంట్లోకి పోయాక చక్కెర ఖర్చయిపోతుంది, ఉత్త నీళ్లే మిగులుతాయి. అప్పటికే పలచబడ్డ రక్తంలోకి రెండు సీసాల నీళ్లు పోశారు. నేను సెలైన్ అని రాసిన ఒక్క మాట పట్టుకుని ఆయన్ని కారెక్కించబోయారు. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

సిస్టర్ డాక్టరు దగ్గరికి పోయి 'మీరు పొరపాటు పడ్డారు' అనలేదు. "సార్, ఒక ఫోటో చూడండి," అంది. ఉపవాసం సంగతి, గోళీ సంగతి రెండు ముక్కల్లో చెప్పింది. ఆయన్నీ మెచ్చుకోవాలి, మారు మాట్లాడకుండా లేచి, రక్తం తనే తీసి ల్యాబ్‌కు పరిగెత్తాడు. ఈలోపు కారు స్టార్టయింది. సిస్టర్ బయటికి పోయి క్రిస్టోఫర్ ముందు నిలబడింది.

"నలభై నిమిషాలు నాకియ్యి బాబూ. అప్పటికీ పోవాలంటే నేనే దగ్గరుండి కారెక్కిస్త."

ఆమె గొంతులో బతిమాలడం లేదు, బెదిరింపు లేదు. క్రిస్టోఫర్ ఇంజను ఆపించాడు.

రిపోర్టు వచ్చింది. కనీసం నూట ముప్పై అయిదు ఉండాల్సిన సోడియం, అంటే రక్తంలో ఉప్పు, నూట పన్నెండే ఉంది. డాక్టరు కాగితం వైపు, గేటు దగ్గరి కారు వైపు చూసి కుర్చీలో కూలబడ్డాడు. హైదరాబాద్‌కు రాసిన ఉత్తరం ఆయనే చింపేశాడు.

బీపీ గోళీ ఆపించారు. ఈసారి అసలైన ఉప్పునీళ్లు, అదీ చిక్కటివి, చుక్కచుక్కగా ఎక్కించమన్నారు. గంట గడిచిందో లేదో క్రిస్టోఫర్ మళ్లీ వచ్చాడు. "గింత మెల్లగనా? ఇంకో సీసా పెట్టి జోరుగ ఇడువుండ్రి, జల్దీ లేస్తడు."

"ఉప్పు దినాల తరబడి పడిపోయింది బాబూ. ఒక్కపూటల లేపితే మెదడు తట్టుకోదు. మాట పడిపోతది, కాళ్లు చేతులు పడిపోతయి. మెల్లగనే రానియ్యాలె," అంది సిస్టర్.

ఆ మెల్లదనాన్ని నేను పక్కన నిలబడి చూశాను. గడియారం పెట్టుకుని చుక్కలు లెక్కపెట్టేది. మూత్రం కొలిచేది. ఆరు గంటలకోసారి రక్తం పంపేది. నీళ్లు కట్టడి చేశారు కాబట్టి ఆయన నోరు ఎండిపోతుంటే, తడిపిన గాజుగుడ్డతో పెదాలు, నాలుక తుడిచేది. ప్రతిసారీ ముందుకొచ్చి, మొహం చూపించి, ఏం చేయబోతోందో చెప్పి చేసేది. ఆయన చువ్వ గుంజుతుంటే చేతులు కట్టేద్దామన్నాను నేను. "మోటరు బంద్ చేసినమన్నా," అందామె ఆయన కళ్లలోకి చూసి. ఆయన చువ్వ వదిలేశాడు. ఎంత మనిషి, నేను ఇన్నాళ్లూ తిట్టుకున్నది ఈమెనా అని నామీద నాకే అసహ్యం వేసింది.

కేసు పేపరు చింపేసి కొత్తది రాస్తానన్నాను. ఒప్పుకోలేదు. "చింపితే ఎట్ల? గీత కొట్టు, కింద సరైంది రాయి, సంతకం పెట్టు. తప్పు కనపడాలె." కొట్టాను. కింద సరైంది రాసి సంతకం పెట్టాను.

మర్నాటికి నూట పంతొమ్మిది. ఆదివారానికి నూట ఇరవై ఏడు. ఆ పొద్దున సిస్టర్ ఎప్పటిలా ఎదురుగా కూర్చుంది.

"అన్నా, ఇయ్యాల ఏ వారం?"

"ఆదివారం. మట్టల పండుగ." అంటే ఈస్టరుకు ముందొచ్చే ఆదివారం. సరిగ్గా అదే. "ఇది దవాఖానా. నువ్వు మెల్లగ మాట్లాడే సిస్టరమ్మవు. గా పిల్ల అరిచే పిల్ల."

వార్డంతా నవ్వింది. మరియ ఏడ్చింది. నేను రెండూ చేశాను.

క్రిస్టోఫర్ మాత్రం మంచం తల దగ్గర, తండ్రి వెనకాల నిలబడి ఉన్నాడు. మార్కు ఇడ్లీ తింటున్నాడు. కొడుకు ఆయన వీపు చూస్తూ గొణుగుతున్నాడు: "తప్పయింది నాయినా. నాయినా, తప్పయింది." తండ్రి తిరగలేదు. ఎట్లా తిరుగుతాడు?

తబితా సిస్టర్ లేచి క్రిస్టోఫర్ మోచేయి పట్టుకుంది. మంచం చుట్టూ తిప్పి తీసుకొచ్చి, కిటికీ వెలుతురు మొహం మీద పడేలా తండ్రి ఎదుట నిలబెట్టింది. "ఈడ నిలబడి చెప్పు," అంది.

మార్కు ఇడ్లీ ముక్క పళ్లెంలో పెట్టి, కొడుకు పెదాల వైపు చూస్తూ ఆగాడు.

"నిన్ను పిచ్చోడన్న నాయినా."

"తెల్సు," అన్నాడు మార్కు. "అన్ననాడు గూడ గిట్లనే ముంగట నిలబడి అన్నవ్ గద."

క్రిస్టోఫర్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. తండ్రి చేయి చాచి ఆ చేతులు మెల్లగా కిందికి దించాడు.

"మొకం దాచకు బిడ్డా," అన్నాడు. "నువ్వేమంటున్నవో నాకు తెలుస్తలేదు."