పెరిగే కవాటం

పిట్ట అని ముద్దుగా పిలుచుకునే ఆ పాపకు పుట్టినప్పుడే గుండెలో ఒక కవాటం బాగా ఇరుకుగా ఉందన్నారు. దాని బదులు వేరేది వేయొచ్చు. కానీ పాప పెరుగుతుంది, వేసిన కవాటం పెరగదు. కొన్నేళ్లకోసారి ఛాతీ తెరిచి పెద్దది వేయాల్సిందే.

అదే ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ పిల్లలతోపాటు పెరిగే కవాటం మీద పరిశోధన చేస్తోంది. దాన్ని పాత రకంతో పోల్చి చూసే పరీక్షలో చేరితే కొందరికి కొత్తది, కొందరికి పాతది వేస్తామనీ, ఎవరికేదో చీటీ తీసినట్టు కంప్యూటర్ తేలుస్తుందనీ విడమరిచి చెప్పింది. తల్లి సరేనంది. పిట్టకు పాతదే వచ్చింది. పక్క మంచం పిల్లాడికి కొత్తది. జుట్టు మొలవని ఆ బుడతణ్ణి వార్డంతా గుండూ అని పిలిచేది.

గుండు వాళ్లమ్మతో అక్కాచెల్లెళ్లంత చనువు ఏర్పడింది గానీ, తల్లికి లోపల ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. చెకప్‌లు ఎగ్గొట్టడం మొదలెట్టింది. డాక్టరమ్మే ఫోన్ చేసి, పాతది ఎలా పనిచేస్తోందో తెలియకపోతే కొత్తది మేలని ఎలా చెప్పగలనని అడిగింది. సణుక్కుంటూనే మళ్లీ వెళ్లింది.

రెండో ఏడు గుండుకు వేసిన కవాటం గట్టిపడి, రక్తం వెనక్కి కారుతోందని తేలింది. ఇంకొందరు పిల్లలకూ అంతే. పరీక్ష ఆపేశారు.

గుండుకు ఆ కవాటం తీసే ఆపరేషన్ రోజు పిట్ట తల్లి పని మానుకుని వెళ్లి, థియేటర్ బయట బెంచీ మీద వాళ్లమ్మ పక్కన కూర్చుంది. కాసేపటికి ఇక దాచుకోలేకపోయింది.

"అక్కా, మీవాడి సంగతి వినగానే ముందు నాకు హాయిగా అనిపించింది. నా బిడ్డ తప్పించుకుందని."

ఆవిడ థియేటర్ తలుపు మీంచి చూపు తిప్పి ఇటు జరిగింది.

"మావాడికి కొత్తది వచ్చిందన్న రోజు నీ ఎదుట ఏడుపు మొహం పెట్టి, బాత్రూంలోకెళ్లి నవ్వుకున్నాను. ఇద్దరం ఇద్దరమేలే."

గుండు గండం గడిచి బయటపడ్డాడు. వాడిలోంచి తీసిన కవాటాన్ని డాక్టరమ్మ ముక్కముక్కా పరిశీలించి, కుట్టు అంచు దగ్గరే గట్టిపడుతోందని పట్టుకుంది. ఆ అంచు అల్లిక మార్చి మళ్లీ మొదలెట్టడానికి ఏళ్లు పట్టాయి.

ఈలోగా పిట్ట ఎదిగి, పాత కవాటం చాలకుండా పోయింది. అల్లిక మార్చిన కొత్తది వేయనా అని డాక్టరమ్మ అడిగింది. పాడవదని మాత్రం మాటివ్వనంది. తల్లి కూతురి వైపు తిరిగింది.

"మళ్లీ పాడైతే?" అంది పిట్ట.

"మళ్లీ తీయాలి," అంది డాక్టరమ్మ.

"నిజం చెప్పారుగా. వేయండి."

మరుసటి ఏడు స్కాన్‌లో కవాటం ఒక పిసరు పెరిగినట్టు కనిపించింది. ఇప్పుడే సంబరపడొద్దు, ఇంకొన్నాళ్లు చూడాలంది డాక్టరమ్మ. తల్లి బుద్ధిగా తలూపి, వరండాలోకి రాగానే గుండు వాళ్లమ్మకు ఫోన్ కలిపింది.