కుర్చీ కొలత

ఆ ఏడాది పెట్రోలు డిపోలో మేటి షిఫ్టు షీల్డు టేపుతో ట్యాంకులు కొలిచే టేపక్క వాళ్ల బావకు వచ్చింది. ఎందుకొచ్చిందో విన్నాక ఆవిడకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ట్యాంకులో సరుకు ఎంత ఎత్తున ఉందో కంట్రోల్ రూములో తెర చూపిస్తుంది. మనిషి కూడా పైకెక్కి టేపుతో కొలిచి రిజిస్టర్లో రాయాలి. బావ షిఫ్టులో ఏడాది పొడుగునా ఈ రెండంకెలకూ ఒక్క మిల్లీమీటరు తేడా రాలేదట! మేనేజరు మైకు ముందు ఆ మాట చెప్పి తనే చప్పట్లు కొట్టాడు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం.

తేడా రాకపోవడం ఏమిటి, వీళ్ల మొహం! పదిహేను మీటర్ల ట్యాంకులోకి ఇత్తడి గుండు కట్టిన టేపు దించి, గుండు అడుగుకు తగిలిందని చేతికి తెలిశాక పైకి లాగి, తడి ఎక్కడిదాకా అంటిందో చూసి అంకె రాయాలి. గాలికి టేపు ఊగుతుంది, చెయ్యి అదురుతుంది. రెండో మూడో మిల్లీమీటర్లు తేడా వస్తేనే మనిషి ఎక్కినట్టు. అచ్చుగుద్దినట్టు సరిపోయిందంటే ఎవడూ ఎక్కలేదనే అర్థం. కాలు మీద కాలేసుకుని, తెర మీది అంకెను రిజిస్టర్లోకి దింపేశారు. దానికి డిపోలో 'కుర్చీ కొలత' అని ముద్దుపేరు కూడాను.

టేపక్క పంతొమ్మిదేళ్లుగా ఎక్కుతూనే ఉంది. ఎండైనా, చలైనా, డెబ్బై రెండు మెట్లు. ఆవిడ అంకెలు ఎప్పుడూ తెరకు అటూ ఇటూగా ఉండేవి. అందుకని ఆవిడకు షీల్డు బదులు మెమోలు వచ్చాయి. 'అంకెలు సరిపోవడం లేదు' అని ఒకటి, 'శ్రద్ధ లోపించింది' అని ఇంకొకటి. మూడోది వస్తే ట్యాంకుల పని తీసేసి గేటు దగ్గర లారీలకు చీటీలు రాయడానికి కూర్చోబెడతారు. దానికన్నా చావు నయం అనుకునేది ఆవిడ. డిపో మొత్తంలో ఆవిడకు గౌరవం ఉన్న చోటు ట్యాంకు నెత్తి ఒక్కటే. కింద తిరిగేవాళ్లంతా దద్దమ్మలు. ఆ దద్దమ్మలకు పెద్ద, షిఫ్టు ఇన్‌చార్జి అయిన బావ.

షీల్డు ఇచ్చిన వారానికి ఒక మధ్యాహ్నం, ఏడో ట్యాంకులోకి పైపులైను నుంచి పెట్రోలు వచ్చి ఆగింది. సాయంత్రం దాన్ని కొలవాలి. అప్పటికి వాన దంచి కొడుతోంది. పొద్దుటి నుంచీ ఆవిడ మోకాలు సలుపుతోంది.

"ఇవాళ్టికి ఎక్కొద్దులే మరదలా," అన్నాడు బావ, కుర్చీలోంచి లేవకుండానే. "తెర చూసి రాసెయ్. రేపు పై ఆఫీసు నుంచి తనిఖీకి వస్తున్నారు. నీ అంకె మళ్లీ తేడా వస్తే మూడో మెమో ఖాయం. నీ గురించి దిగులుతో మీ అక్క అన్నం కూడా సరిగ్గా తినట్లేదు."

"రోజూ నీ మొహం చూస్తూ ఎవరు మాత్రం తింటారు?"

"ఒక్కరోజు. ఏం కొంప మునుగుతుంది?"

ఆవిడ కిటికీలోంచి వానలో నల్లగా మెరుస్తున్న మెట్లను చూసింది. ఏ దెయ్యం పట్టిందో ఏమో, పెన్ను తీసుకుని తెర మీద ఉన్న పదకొండు మీటర్ల రెండువందల ఆరు మిల్లీమీటర్లను రిజిస్టర్లో రాసి సంతకం పెట్టేసింది. ఆ రాత్రి ఆవిడకు తన మీద తనకే ఒళ్లు మండింది.

మర్నాటికి వాన వెలిసి ఎండ కాసింది. ఎనిమిదింటికి ఆవిడ డ్యూటీకి వచ్చేసరికి ఏడో ట్యాంకులోకి మళ్లీ పెట్రోలు వస్తోంది. తెర మీద పదకొండు రెండువందల ఆరు.

"ఎప్పుడు మొదలుపెట్టారు?"

"ఆరింటికి," అన్నాడు బావ.

"రెండు గంటల్నుంచి పోస్తుంటే అంకె కదలదేం?"

"ఒక్కోసారి నిదానంగా మారుతుందిలే. మొన్న కూడా ఇలాగే..."

"మొన్న కూడానా! మరి ఆ షీల్డు దేనికిచ్చారయ్యా నీకు!"

ట్యాంకు నిండబోతే అలారం మోగుతుందిగా అంటారేమో. ఊరికే మోగి చంపుతోందని దాని వైరు పీకి ఆరు నెలలైంది. అంత గొప్ప మేధావులు వీళ్లు.

ఆవిడ మోకాలి సంగతి మరిచిపోయి పరుగెత్తింది. నింపుతున్నప్పుడు పైమూత తీయకూడదు. ఆవిడకు తీయాల్సిన పని కూడా లేదు. ఎండ తగిలిన ట్యాంకు గోడ ఖాళీగా ఉన్నంత మేరా వేడెక్కుతుంది, సరుకు ఉన్నంత మేరా చల్లగా ఉంటుంది. అరచెయ్యి గోడకు ఆనించి మెట్లెక్కింది. తెర మీది అంకె నిజమైతే యాభై మూడో మెట్టు దగ్గర వేడి తగలాలి. తగల్లేదు. అరవై ఎక్కినా చలవే. అరవై తొమ్మిదో మెట్టు మీద గానీ చేతికి వేడి తగల్లేదు. ఆ పైన మూడే మెట్లు మిగిలాయి.

"ఏడో ట్యాంకు ఆపు! పంపు ఆపమను!" వాకీటాకీలో అరిచింది.

"మేనేజరు గారిని ఒక్కమాట అడిగి..."

"అడిగేలోపు ఆయనా నువ్వూ కలిసే పైకి పోతారు! ఆపెహె!"

బావ ఆపించాడు. ఇంకో పావుగంట అయితే పెట్రోలు పొంగి నేల మీద పారేది. కింద లోడింగ్ దగ్గర పద్దెనిమిది లారీలు, వాటి డ్రైవర్లు. మట్టం చూపించే యంత్రం నిన్న మధ్యాహ్నం సరుకు ఇంకా వస్తుండగానే ఇరుక్కుపోయింది. నిన్న సాయంత్రం ఎక్కి ఉంటే అప్పుడే తెలిసేది.

తనిఖీకి వచ్చిన అధికారి మధ్యాహ్నం రిజిస్టరు ముందు పెట్టుకున్నాడు. మేనేజరు పక్కన నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. నిన్నంతా పులిలా తిరిగినవాడు ఇవాళ తడిసిన పిల్లిలా ఉన్నాడు.

"నిన్న సాయంత్రం ఈ అంకె కొలిచి రాసిందెవరు? కొలవకుండా రాస్తే ఉద్యోగం ఉండదు."

టేపక్క నోరు తెరిచేలోపు బావ ముందుకొచ్చాడు. "నేనే సార్. ఆవిడ ఎక్కి కొలిచి వేరే అంకె చెప్పింది. షీల్డు పోతుందని నేనే తెర చూసి ఇది రాశాను."

పుట్టి బుద్ధెరిగి ఈ మనిషి ఒకరి కోసం వేలు కదపడం ఆవిడ చూడలేదు. కదిపినా ఏం లాభం? కింద తన సంతకం నిక్షేపంలా కనబడుతోంది. అబద్ధమైనా తిన్నగా ఆడటం చేతకాదు దద్దమ్మకు! అధికారి మాత్రం సంతకం వైపు చూడనే లేదు, రాసుకుంటున్నాడు. నోరు మూసుకుంటే చాలు, ఆవిడ బయటపడిపోతుంది. ట్యాంకులూ ఉంటాయి, పరువూ ఉంటుంది. కానీ బావ దయ మీద బతకడమా?

"ఆ రాత నాది సార్. సంతకమూ నాదే. నేను ఎక్కలేదు. కుర్చీలో కూర్చునే రాశాను."

సాయంత్రానికి ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. ఆవిడ టేపు స్టోరులో అప్పగించి గేటు బయటికి వచ్చేసరికి బావ అక్కడే నిలబడి ఉన్నాడు.

"ఎందుకు చెప్పావ్? బతికిపోయేదానివి కదా," అన్నాడు.

"నీ ముష్టి నాకొద్దు. పంతొమ్మిదేళ్లలో ఒక్కసారి ఎక్కావా నువ్వు? సిగ్గులేదూ?"

"ఎక్కలేదు," అన్నాడు బావ నెమ్మదిగా. "నువ్వు ఎక్కుతున్నావుగా. ఏదన్నా తేడా ఉంటే నువ్వు చూస్తావులే అనే ధైర్యంతోనే మేమెవరమూ ఎక్కలేదు."

"మరి నిన్న నన్నెందుకు ఆపావ్?" అంది ఆవిడ.

"ఒక్కరోజే కదా అనుకున్నాను."

ఆవిడకు తిట్టు ఒకటి నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"నేనూ అదే అనుకున్నాను, బావా," అంది.