కదురు ముక్క

కొడుకు గడప దాటితే చాలు, నలుగురు వాణ్ణి మోసుకొస్తున్నట్టే కనిపించేది ఉప్పలమ్మకు. చిన్నప్పుడు బడికి పోతే లారీ గుద్దినట్టు, పెద్దయ్యాక మక్తల్‌లో బండ్ల మెకానిక్ దగ్గర కుదిరితే కరెంటు షాకు కొట్టినట్టు. "ఏడికిరా? ఎప్పుడొస్తవ్?" అని అడగకుండా వాణ్ణి ఏనాడూ వాకిలి దాటనివ్వలేదు. మహేశ్ చెప్పులేసుకుంటూనే "వస్తనే" అనేవాడు. ఆ ఒక్క మాట విన్నాకే ఆమె చేతిలో రాట్నం మళ్లీ తిరిగేది.

మొగుడు పరమేశ్వర్ మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తూ నవ్వేవాడు. "నీ కండ్లల్ల వాడు ఇప్పటికి నూరుసార్లు సచ్చిండు. ఇగ వానికి ఏ గండం లేదు పో."

అట్లాంటి తల్లి వాకిట్లో ఒక పొద్దున ట్రాలీ ఆటో ఆగింది. మహేశ్, బెస్త మారయ్య కలిసి ఒక పాత పడవ మోటరును దించారు. రంగు పోయి, మట్టి గట్టి, తలకాయ దగ్గర ఎలుకలు గూడు పెట్టిన మోటరు. చేపల సంఘం షెడ్డు వెనుక ఏళ్లకేళ్లు పడి ఉంది. ఒకప్పుడు దాన్ని నడిపింది మారయ్యే.

"గిదేందిర, పీనుగ లెక్కున్నది?" అంది ఉప్పలమ్మ.

"పీనుగేనే. లేపుతా సూడు."

"థూ! నీ నోట్లె మంచిమాటే రాదా?"

మారయ్య తుండుగుడ్డతో మెడ తుడుచుకుంటూ నవ్వాడు. "ఫికర్ జేయకు చెల్లే. గిది లేస్తే నీ కొడుకు మా సంఘం పడవకు డ్రైవరైతడు. తుమ్మగడ్డకు కూలోళ్లను దాటిస్తడు. ఏటి మీద దొర."

తుమ్మగడ్డ అంటే ఏటి నడుమ ఉన్న దిబ్బ. దాని మీద వరి, వేరుశనగ పొలాలున్నాయి. కూలీలు పుట్టిలో, అంటే గుండ్రటి బుట్ట పడవలో పోయి, అందులోనే వస్తారు. వరదొస్తే పుట్టి నిలవదు, మోటరు పడవే కావాలి. ఉప్పలమ్మ ఆ మాట వినగానే మోటరుకూ కొడుకుకూ నడుమ వచ్చి నిలబడింది. మెకానిక్ షెడ్డు మూతబడి వాడు ఇంటికొస్తే, ఇక కళ్లెదుటే ఉంటాడని లోలోపల సంతోషపడిన మనిషి ఆమె.

"మగ్గం మీద కూసోరా అంటే నడుం నొస్తదంటవ్. ఏట్ల మునగనీకైతే ఏ నొప్పీ లేదు."

"మగ్గం మీద బాపు మునిగిండు గదనే, సాలదా?" అన్నాడు మహేశ్. మగ్గం గుంతలోంచి పరమేశ్వర్ కూడా నవ్వాడు. నవ్వనిది ఆమె ఒక్కతే.

వాడు పని మొదలుపెట్టాడు. ఎలుకల గూడు తీసి పారేశాడు. కార్బొరేటర్ విప్పి, బెల్లంపాకం లాగా గడ్డకట్టిన పాత పెట్రోలును గీకి, సన్నని రంధ్రాల్లో తీగ పెట్టి ఊదాడు. ప్లగ్గు మసి గరుకు కాయితంతో తోమాడు. ఎన్నిసార్లు లాగినా మోటరు దగ్గి ఊరుకునేది. చివరకు లాగే తాడే పుటుక్కున తెగింది.

అప్పుడు ఉప్పలమ్మే లేచింది. కొడుకు దిగులుగా కూర్చుంటే చూడలేకపోయింది. మగ్గానికి కట్టే నైలాన్ తాడును మూడు పేటలుగా పేని, మైనం రాసి ఇచ్చింది. పుట్టినప్పటి నుంచి తెగిన పోగును అతకడమే ఆమె పని. తెగనిది ఎలా చెయ్యాలో ఆమె వేళ్లకు తెలుసు.

ఆ తాడు చుట్టి లాగితే, నీళ్లు నింపిన డ్రమ్ములో మోటరు ఒక్కసారి ఉలిక్కిపడి లేచింది. వాకిలంతా తెల్లని పొగ. పక్కనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్లు చిమ్మింది.

"ఉమ్ముతాంది! నీళ్లు ఉమ్ముతాంది మామా!" అని మహేశ్ గంతులేశాడు. "అమ్మా, నీ తాడు తెగలేదే. కంపెనీ తాడు గూడ గిట్ల ఉండదు."

ఆ మాట ఆమె మనసులో దిగబడిపోయింది.

ఏట్లో మొదటిసారి నడిపిన రోజు ఆమె ఒడ్డునే నిలబడింది. పడవ సగం దూరం పోయిందో లేదో, టక్కుమని చప్పుడైంది. మోటరు అరుస్తూనే ఉంది, పడవ మాత్రం ముందుకు పోక ఎండుటాకు లాగా పక్కకు కొట్టుకుపోతోంది. ఉప్పలమ్మ నీళ్లలోకి మోకాళ్లదాకా దిగింది. ఇంతలో మహేశ్ మోటరును పైకెత్తి ఏదో సవరించాడు. పడవ బుర్రుమని తిరిగి ఒడ్డుకొచ్చింది. వాడు నవ్వుతూ దిగాడు. చేతిలో రెండు ముక్కలైన ఇత్తడి పుల్ల.

"గింతే అమ్మా. నీళ్లల్ల తిరిగే పంకాకు నడుమ పిన్ను. బండకు తాకింది, ఇరిగింది. కొత్తది ఏసిన."

"నడి ఏట్ల ఇరుగుతే?"

"ఇరగాలనే పెడతరు చెల్లే," అన్నాడు మారయ్య. "పిన్ను ఇరుగుతేనే మోటరు బతుకుతది. లేకుంటే దెబ్బ లోపలి పండ్లచక్రాలకు తాకుతది. అప్పుడిక ఏం జేసినా లెవ్వది."

ఆమె విన్నది. విన్నా తలకెక్కలేదు. ఇరగాలని పెట్టేదేమిటి? మోటరు బతుకుతుంది సరే, అది బతికేలోపు నా కొడుకేం కావాలి? ఆ ఇత్తడి ముక్కను రాయి మొనతో గీకి చూస్తే గీత పడింది. ఇంత మెత్తని పుల్ల మీదనా నా కొడుకు ప్రాణం?

ఎగువన వానలు పట్టాయి. ఏరు ఎర్రబడింది. ఒకరోజు మధ్యాహ్నం మహేశ్ పెట్రోలు డబ్బా కడుగుతూ, "అమ్మా, గా పాత పిన్ను వంగినట్టున్నది. పంకా ఇప్పి కొత్తది ఎయ్యవా, నీ ఏళ్లు సన్నగుంటయి" అన్నాడు. చాలాసార్లు చూసిందే. మూత విప్పి, సన్న తీగ వంచి, పుల్ల దూర్చి, మళ్లీ బిగించాలి.

ఉప్పలమ్మ కొత్త ఇత్తడి పుల్లను చేతిలో పట్టుకుని కాసేపు కూర్చుంది. తర్వాత లేచి రాట్నం దగ్గరికి పోయింది. మగ్గానికి నూలు కండెలు చుట్టే కదురును ఊడదీసింది. ఉక్కు పుల్ల. ఆమె అత్త చేతి మీద, ఆ తర్వాత ఆమె చేతి మీద తిరిగి తిరిగి అద్దంలా నున్నబడ్డది. ఒక్కనాడు వంగి ఎరుగదు. దాన్ని రంపం బ్లేడుతో కోసింది. చేతులు బొబ్బలెక్కాయి. ఆ ముక్క పంకా నడుమ ఎవరో కొలిచి చేసినట్టు కూర్చుంది.

"బిగించినవా?" అని అరిచాడు మహేశ్.

"బిగించిన."

ఆ రాత్రి ఆమె ఎన్నడూ లేనిది కంటినిండా నిద్రపోయింది. తెల్లారి పరమేశ్వర్ కండెలేవని అడిగితే, కదురు వంగింది, సాపు చేయనిచ్చిన అని చెప్పి, పక్కింటి అమృతమ్మ దగ్గర చుట్టించి తెచ్చింది.

మూడో నాడు వరద ఒక్కసారిగా పెరిగింది. తుమ్మగడ్డ మీద కలుపుకు పోయిన ఆడోళ్లు చిక్కుకున్నారు. మారయ్య పరుగున వచ్చాడు. మహేశ్ అప్పటికే మోటరు భుజానికెత్తుకున్నాడు.

"ఏడికిరా?" అంది, తెలిసి కూడా.

"వస్తనే. పిన్నులు జేబులనే ఉన్నయి, భయపడకు."

ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. నీకు పిన్నులతో పనిలేదురా, ఇరగనిది వేశానని చెప్పాలనుకుంది. తర్వాత చెబితే మురిసిపోతాడులే అనుకుంది.

పోయేటప్పుడు, మారయ్య ముందు కూర్చుని దారి చూపుతుంటే, పడవ బాణం లాగా పోయింది. వచ్చేటప్పుడేమైందో ఒడ్డున ఉన్నవాళ్లకు సరిగా కనిపించలేదు. బతికి బయటపడిన కూలీ నాగరాణి తర్వాత చెప్పింది. "బండకు తాకి దడేలుమన్నది. మోటరు మొత్తుకుంటాంది, పడవ మాత్రం కదల్తలేదు. మహేశన్న మోటరు పైకెత్తి ఏందో ఇప్పి చూసిండు. చూసి అట్లనే నిలవడ్డడు. మారన్న, 'ఎయ్యిరా, కొత్తది ఎయ్యిరా' అని ఒర్లుతాండు. ఆయన ఎయ్యలే. గట్లనే కొట్టుకపోయి తుమ్మచెట్ల మీద పడ్డం. మారన్న మమ్ముల ఒక్కొక్కల్ని కొమ్మకెక్కించిండు. మారన్న ఎక్కెటాల్లకు పడవ తిరగబడ్డది."

మారయ్య రెండు రోజుల తర్వాత దిగువన తేలాడు.

మహేశ్ బతికొచ్చాడు. ఒళ్లంతా ముళ్ల గీతలు. ఉప్పలమ్మ వాణ్ణి తడిమి తడిమి ఏడ్చింది. వాడు ఏడవలేదు. ఆమె మొహం వైపు చూడనూ లేదు. దుఃఖంలో ఉన్నాడనుకుంది. అన్నం పెడితే తలొంచుకుని తినేవాడు, సగంలో లేచేవాడు. ఊరంతా మాత్రం ఒకటే మాట. దారి చూపిన ముసలి మారయ్యకు కళ్లు మసకలు, చూడక పడవను బండ మీదికి ఎక్కించాడు, ఆడోళ్లందరూ పోవాల్సినోళ్లే.

దినాలైపోయాక మారయ్య భార్య బిక్షమ్మ వచ్చింది. జాలర్లు లాక్కొచ్చి పడేసిన మోటరు వాకిట్లోనే ఉంది. ఆమె దాని పక్కన గొంతుక్కూర్చుంది.

"అల్లుడా, నాకొక్కటి జెప్పు. ఏట్ల బండ తాకనోడు ఎవడున్నడు? మీ మామకు ఎన్నిసార్లు తాకలే! పిన్ను ఇరుగుతది, ఇంకొకటి ఏసుకుంటరు. నీ జేబుల పిన్నులుండె గద?"

మహేశ్ మోటరు మీది మట్టిని గోటితో గీకాడు.

"మరెందుకు ఎయ్యలే?"

"మోటరు పాతది అత్తా... లోపల ఇరిగింది."

"పిన్ను ఇరగకుంటనే లోపల ఇరిగిందా?" ఆమె చెయ్యి పంకా మూత మీదికి పోయింది.

"ఒద్దత్తా." మహేశ్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. అప్పుడు వాడు తల తిప్పి తల్లి వైపు చూశాడు. పడవ మునిగిన నాటి నుంచి మొదటిసారి. ఉప్పలమ్మకు అర్థమైంది. వీడికి తెలుసు. నడి ఏట్లో మూత విప్పినప్పుడే తెలుసు.

బిక్షమ్మ వాడి చెయ్యి విడిపించుకుంది. పడవవాడితో బతుకంతా కాపురం చేసిన మనిషి. మూత తిప్పి, తీగ వంచి, పుల్లను లాగింది. చెక్కుచెదరని ఉక్కు. అరచేతిలో వేసుకుని బరువు చూసింది. వేలితో నిమిరింది. నున్నగా, అద్దంలా. తర్వాత ఆమె చూపు మెల్లగా వసారాలోకి పోయింది. అక్కడ రాట్నం ఉంది. చక్రం ఉంది, దారం ఉంది. కదురు లేదు.

"కండెలు సుట్టుడు బంద్ జేసినవా, ఉప్పలమ్మా?"

ఉప్పలమ్మ రెండు చేతులూ జోడించింది. "నడి ఏట్ల ఆగొద్దని వదినె... పోరడు నడి ఏట్ల ఆగిపోవద్దని..."

"ఆగొద్దని," అంది బిక్షమ్మ. తిట్టలేదు. ఒక్క దెబ్బ కొట్టినా ఉప్పలమ్మకు ఊపిరి ఆడేదేమో. కదురు ముక్కను కొంగు చివర ముడేసుకుని లేచింది. "నా మొగనికి కండ్లు కనవడలేదని అంటున్నరు. ఆయన కండ్లు మంచిగనే ఉండె. గది ఊళ్లె ఎవరు జెప్పాల్నో మీరే సూసుకోండ్రి."

ఆమె వాకిలి దాటిపోయింది. లోపల, ఏమీ వినని పరమేశ్వర్ మగ్గం ఆపి కేకేశాడు. "కండెలైపోయినయే! ఏడున్నయి?"

ఉప్పలమ్మ కదలలేదు. కొడుకు చెయ్యి చాస్తే అందేంత దూరంలో, నిండు ప్రాణాలతో నిలబడి ఉన్నాడు. వాడు వంగి పంకా మూతను బిగించాడు, లోపల ఏమీ లేకపోయినా. చేతులు పంచెకు తుడుచుకుని చెప్పులేసుకున్నాడు. బిక్షమ్మ పోయిన దిక్కుకే నడిచాడు.

"ఏడికిరా" అనడానికి ఆమెకు నోరు రాలేదు. వాడూ "వస్తనే" అనలేదు.