ఏడ్చే రికార్డు

తమిళదేశపు తుడియలూరులో ఉండే రత్నసభాపతికి ఒకే ఒక్క పిచ్చి ఉంది. అది కూడా లేకపోతే మనిషి మరీ చప్పగా ఉండేవాడని ఆయన భార్య వేదవల్లే అంటుంది. ఎప్పుడో అరవైల్లో ఇంగ్లండులో నలుగురు కుర్రాళ్ళు టిన్ స్పారోస్, అంటే రేకు పిచ్చికలు, అని పేరు పెట్టుకుని పాడారు. ఆరేళ్ళు పాడి, ఆరు రికార్డులు తెచ్చి, పోట్లాడుకుని ఎవరి దారిన వాళ్ళు పోయారు. వాళ్ళు పోయినా కంపెనీలు ఊరుకోలేదు. ఆ ఆరింటిలోంచే పాటలు ఏరి, ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చి, కొత్త అట్ట తొడిగి దేశానికో తీరుగా అమ్ముకున్నాయి. అలా ఏర్చి కూర్చిన రికార్డులనే రత్నసభాపతి పోగుచేస్తాడు. అసలు ఆరూ ఆయన దగ్గర లేవు, ఆయనకు అక్కర్లేదు కూడా. అందరింట్లో ఉండేవి మనకెందుకు అంటాడు. ఈ ఏర్చికూర్చినవాటికి ఆయన పెట్టుకున్న పేరు కదంబాలు. మల్లె, మరువం, కనకాంబరం ఒకే దారానికి కట్టలేదా, ఇదీ అంతే అని ఆయన వాదన.

ఇంట్లో నలభై ఒక్క కదంబాలు ఉన్నాయి. మలేషియాలో ఏదో సబ్బుల కంపెనీ పంచినది ఒకటి. అట్ట మీద మూడో కుర్రాడి బొమ్మ తలకిందులుగా అచ్చయి వచ్చిన పోర్చుగల్‌ది ఒకటి. విమానంలో ప్రయాణికులకు ఇచ్చినది ఒకటి. ప్రతి ఒక్కదానికీ ఒక కథ ఉంది, ఆ కథ విననివాడు తుడియలూరులో లేడు.

“ఏమండీ, నలభై ఒకటింట్లోనూ అదే పాట్టు కదా,” అంటుంది వేదవల్లి. “సాంబారు అదే. గిన్నె మార్చి మార్చి పోస్తా ఉండారు.”

“గిన్నె మారితే రుచి మారతాది,” అంటాడాయన. ఈ మాట ఇప్పటికి ఎన్నిసార్లు అన్నాడో ఇద్దరికీ లెక్క లేదు.

ఆయనకు ఒక నియమం ఉంది. రికార్డు ఎలా దొరికిందో అలాగే ఉండాలి. గీత ఉంటే గీతతో, అట్ట మీద కాఫీ మరక ఉంటే మరకతో. ముప్పై అయిదేళ్ళు పంపుల వర్క్‌షాపులో వంకరగా వచ్చిన ప్రతిదాన్నీ తిన్నగా చేసి పంపిన మనిషి, ఇంట్లో ఆ అలమార దగ్గర మాత్రం దుమ్ము తుడిచే గుడ్డ తప్ప ఇంకేమీ పట్టడు. వర్క్‌షాపు ఇప్పుడు కూతురు నిత్య చూసుకుంటోంది. ఆయన పొద్దున్నే వెళ్ళి లేత్ దగ్గర ఒక గంట నిలబడి, ఎవరూ అడగని సలహాలు నాలుగు చెప్పి వస్తాడు.

నలభై రెండో కదంబం ఒకటి ఎక్కడో ఉందని పదేళ్ళుగా వింటున్నాడు. అరవై ఎనిమిదిలో ఒక టీ కంపెనీ కొండ మీది తోటల క్లబ్బులకు పంచడానికి కలకత్తాలో వేయించిందట. మూడు వందలే వేశారట. ఫోనులో వీళ్ళకు ఒక గుంపు ఉంది, అందరూ ఇదే పిచ్చివాళ్ళు. ఆ గుంపులో దాన్ని కళ్ళతో చూసినవాడు ఒక్కడూ లేడు.

ఈ వేసవిలో బోడినాయకనూరు నుంచి సెంతిల్ ఫోన్ చేశాడు. సెంతిల్ జీపు తోలుతాడు, ఏలకుల తోటల్లో కాలిపోయిన మోటార్లను తుడియలూరు తెచ్చి బాగుచేయించుకుని పోతుంటాడు. రత్నసభాపతి రికార్డుల కథలు వాడూ విన్నాడు, తప్పించుకోలేక.

“అయ్యా, తోట క్లబ్బులో పనిచేసిన అయ్యాసామి అని ఒకాయన ఉండినారు. చనిపోయినారు. ఆయన భార్య జెబమలరమ్మ ఇంట్లో ఒక రికార్డు చూస్తి. అట్ట మీద పిచ్చిక బొమ్మ, టీ కప్పు బొమ్మ. ఫోటో పంపినా, చూడండి.”

ఫోటో చూసి రత్నసభాపతి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో ఆయనకే తెలియలేదు. మర్నాడు తెల్లారి మొదటి బస్సు ఎక్కాడు. దారి పొడుగునా ఎలా అడగాలో మనసులో పాఠం వల్లెవేశాడు. రికార్డు కావాలి, దాన్ని కంటికి రెప్పలా చూసుకుంటాను, మీరు ఏం అడిగినా సరే. తేని ఊరు దాటేసరికి పాఠం నోటికి వచ్చేసింది.

జెబమలర్ ఇల్లు ఏలకులు ఏరే గోడౌను వెనక వీధిలో రెండు గదుల ఇల్లు. ఆమెకు డెబ్బై అయిదు దాటాయి. ఆ గోడౌనులోనే నలభై ఏళ్ళు కాయలు ఏరింది. ఆయన గుమ్మంలోకి వెళ్ళేసరికి గది మధ్య స్టూలు, స్టూలు మీద పాత రికార్డు ప్లేయరు, దాని పక్కన మడతపెట్టిన తువ్వాలు, ఒక స్క్రూడ్రైవరు. డాక్టరు వస్తున్నాడని రోగిని పడుకోబెట్టినట్టు ఉంది.

“రండి తంబీ. తుడియలూరు నుంచి ఒకాయన వస్తారని సెంతిల్ చెప్పినాడు. మీరు వచ్చిందే రొంబ సంతోషం. చూడండి దీన్ని. ఇది వచ్చిన నాటినుంచీ ఏడుస్తా ఉండాది.”

సెంతిల్ చెప్పింది అంతే, ఒకాయన వస్తారని. మిగతాది ఆమె తనే కలుపుకుంది. ఆ కొండ కింద ఊళ్ళలో తుడియలూరు నుంచి మనిషి వచ్చాడంటే ఏదో ఒకటి బాగుచేయడానికే. మరో పని మీద వచ్చినవాణ్ణి వాళ్ళు ఎరగరు.  రత్నసభాపతి బస్సులో వల్లించిన పాఠం మింగేసి స్టూలు ముందు కూర్చున్నాడు.

ఆమె సూది పెట్టింది. పాట మొదలైంది. కుర్రాళ్ళ గొంతులు పైకి లేచి, కిందికి జారి, మళ్ళీ లేచి, నిజంగానే ఎవరో దీర్ఘం తీసి ఏడుస్తున్నట్టు వచ్చాయి. రత్నసభాపతి చెవితో వినడం మానేసి కంటితో చూశాడు. ప్లేయరుకున్న సూది చెయ్యి అటూ ఇటూ ఊగుతోంది. రికార్డు నడిమి చిల్లు అసలు నడిమిన లేదు. అర మిల్లీమీటరు పక్కకు పడింది. వర్క్‌షాపు భాషలో చెప్పాలంటే, ఔటుంది.

“ఆయన క్లబ్బులో రికార్డులు మార్చే పని చేసినారు,” అంది జెబమలర్. “క్లబ్బు మూసినప్పుడు మేనేజరు దొర ఈ రికార్డూ ఈ పాట్టు పెట్టే ఇచ్చేసి పోయినాడు. ఆదివారం మాతా కోవిల్ నుంచి వచ్చి అన్నం తిని ఆయన దీన్ని పెడతారు. దీంట్లో ఏదో తప్పుండాది, పాట్టు ఇట్లా ఏడవదు అని నేను చెప్తా. దొరల పాట్టు ఇట్లాన్ ఉంటాది, ఏలక్కాయ ఏరేదానికి నీకేం తెలుసు అని ఆయన. ప్రతి ఆదివారం ఇదే సండ, ఇదే పోట్లాట తంబీ. నలభై ఏండ్లు. ఆయన పోయి ఆరేండ్లాయె. ఎవురు సరి అని తెలియకుండా నేనూ పోతానేమో అని ఉండాది.”

ఔటుందని అప్పుడే చెప్పేయొచ్చు. కానీ అయ్యాసామి కూడా నలభై ఏళ్ళు నోటిమాటే చెప్పాడు. దాని మీద ఇంకో మగాడి నోటిమాట పెడితే ఏం లాభం? ఆమె చెవికి వినపడాలి. రత్నసభాపతి ఆమె ఇచ్చిన టీ తాగి, ఇంకో సగం గ్లాసు అడిగి తాగాడు. అలా అడిగినందుకు ఆమె మొహం విప్పారింది.

“వచ్చే ఆదివారం తెస్తానక్కా,” అన్నాడు.

ఆమె ఆయన ఫోను నంబరు కూడా అడగలేదు. రికార్డును తువ్వాల్లో చుట్టి చేతిలో పెట్టింది.

తిరుగు ప్రయాణంలో ఆయన దాన్ని ఒడిలోంచి దించలేదు. పదేళ్ళ కోరిక ఒళ్ళో ఉంది. చెడ్డ ఆలోచన రాలేదంటే అబద్ధం. బాగుకాలేదని చెప్పి ఉంచుకోవచ్చు, బస్సులో విరిగిందనీ చెప్పొచ్చు. పళని దాకా ఆ ఆలోచన ఆయన పక్క సీట్లోనే కూర్చుంది. పళనిలో దిగి కాఫీ తాగాక తన మీద తనకే కోపం వచ్చింది.

ఇంటికొచ్చి గుంపులో ఫోటో పెట్టి, ఒక పెద్దామె ఇచ్చింది, చిల్లు సరిచేయాలి అని కింద రాశాడు. పెట్టకుండా ఉండాల్సింది. గుంపులోని మదురై శంకరన్ వెంటనే ఫోన్ చేశాడు. “అన్నా, దయచేసి దాన్ని ముట్టుకోవద్దు. చిల్లును తొలిస్తే ఆ రికార్డు చచ్చినట్టే. మూడు వందల్లో మిగిలింది అదొక్కటే ఏమో. ఆయమ్మను అట్లనే అడిగేయండి, ఇస్తారు.”

శంకరన్ చెప్పింది ఆయన నియమమే. ఆయన నోటితోనే ఎందరికో చెప్పిన మాట. నాలుగు రోజులు రికార్డు అలమారలో నలభై ఒకటి పక్కన కూర్చుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తీసి చూసి మళ్ళీ పెట్టేవాడు.

శుక్రవారం పొద్దున వేదవల్లి ఇక ఊరుకోలేదు. “ఆయమ్మ ఇచ్చింది రిపేరుకు. మీరు పెండ్లిచూపులు చూసినట్టు చూస్తా ఉండారు.”

“కోస్తే ఇంగ అది పాతట్లా ఉండదు, వేదా. లోకంలో ఇంకోటి ఉండాదో లేదో తెలవదు.”

“కోయకుంటే?”

“ఏడుస్తా ఉంటాది.”

“ఔటుండే పంపును ఎవురికైనా తిరిగి పంపినారా మీరు? ముప్పై అయిదేండ్లలో ఒకరికైనా?”

పంపలేదు. ఆ మాట ఆయనకు తగలాల్సిన చోటే తగిలింది. రికార్డు చంకలో పెట్టుకుని వర్క్‌షాపుకు నడిచాడు.

లేత్ మీద రెండు చెక్కల మధ్య రికార్డును మెత్తగా బిగించాడు. కింద పాత బనియను గుడ్డ వేశాడు. చిట్టచివర పాటలేని గాడి ఒకటి ఉంటుంది కదా, దాని మీదికి ఒక సూదిమొన తెచ్చి, భూతద్దంలోంచి చూస్తూ చేత్తో మెల్లగా తిప్పాడు. గాడి సూది కింద అటూ ఇటూ పోతోంది. వేలిగోటితో చెక్క అంచును తట్టాడు, తిప్పాడు, మళ్ళీ తట్టాడు. గంటన్నర పట్టింది. చివరికి రికార్డు తిరుగుతున్నా గాడి మాత్రం సూది కింద కదలకుండా నిలబడింది. నిత్య వచ్చి పక్కన నిలబడి చూసి తన పనికి వెళ్ళిపోయింది. ఉలి ఆనించే ముందు ఆయన ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. దిగులుగా ఉంది. తరవాత కోశాడు. సన్నటి నల్ల పొట్టు వేళ్ళ మీద పడింది. పెద్దదైన చిల్లులో పట్టేలా ఇత్తడితో ఉంగరం లాంటి చిన్న బుష్ చేశాడు. ఆ బుష్ చేస్తున్నంతసేపూ దిగులు గుర్తుకు రాలేదు, చేతికి అలవాటైన పని చేతిని సంతోషపెట్టింది.

ఆదివారం ఆయన వెళ్ళేసరికి జెబమలర్ చర్చి నుంచి వచ్చి, తెల్లచీర మార్చుకోకుండానే కూర్చుని ఉంది. గోడ మీద అయ్యాసామి ఫోటో, మెడ దాకా గుండీలు పెట్టుకుని సీరియస్‌గా చూస్తున్నాడు. రత్నసభాపతి రికార్డు పెట్టి సూది దించాడు.

పాట తిన్నగా వచ్చింది. గొంతు ఎక్కడ నిలబడాలో అక్కడ నిలబడింది. గిటారు ఒక్కో దెబ్బా విడివిడిగా, శుభ్రంగా వినిపించింది. సూది ఉన్న చెయ్యి ఊగలేదు. నలుగురు కుర్రాళ్ళు ఏ బాధా లేకుండా, ఎండలో నడుస్తూ పాడుతున్నారు. జెబమలర్ కదలకుండా చివరిదాకా విన్నది.

“నేనే సరి,” అంది మెల్లగా. తరవాత ఫోటో వైపు తిరిగింది. “వింటివా? నేనాన్ సరి.”

నవ్వింది. పళ్ళు లేని నోటితో భుజాలు కదిలేలా నవ్వింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. రత్నసభాపతీ నవ్వాడు. అలమారలో నలభై రెండోది చేరినా ఇంత సంతోషం ఉండేది కాదేమో. అడగాలనే కోరిక మాత్రం ఇంకా పోలేదు, నాలుక చివరే ఉంది. ఇప్పుడు అడిగితే ఇచ్చేస్తుందని కూడా తెలుసు. అడిగేద్దామనే గొంతు సవరించుకున్నాడు.

ఆమె స్టూలు దగ్గరికి కుర్చీ జరుపుకుంది. ఏదో ఆలోచిస్తోంది.

“రొంబ బాగుండాది తంబీ. కానీ ఇది వేరే ఎవురింట్లోనో పాడినట్టుండాది.” అడగొచ్చో లేదో అన్నట్టు అడిగింది. “మళ్ళా పాతట్లా ఏడిపించేదానికి అయితాదా?”

రత్నసభాపతి ఆమెను చూశాడు. రికార్డు అడగాలన్న మాట వదిలేశాడు. రికార్డు ఎత్తి, బుష్‌ను వేలితో తోసి తీసి, ఆమె అరచేతిలో పెట్టాడు. “ఇది ఉంటే మీరు సరి అక్కా. ఇది తీసేసి, ఇదో ఇట్లా, రికార్డును బొటనవేలితో ఓరకు తోసి పెడితే ఆయన సరి. మీరే చేసుకోవచ్చు. కష్టం లేదు.”

ఆమె చేతే పట్టి తోయించాడు. నలభై ఏళ్ళు కాయల్లో ఎక్కువతక్కువలు ఏరిన వేళ్ళు, ఎంత జరపాలో ఒక్కసారికే పట్టుకున్నాయి. సూది దిగింది. చెయ్యి ఊగింది. పాట గొంతెత్తి ఏడవసాగింది.

జెబమలర్ కుర్చీలో వెనక్కి వాలింది. ఫోటో వైపు చెయ్యి చాపి, పక్కింటివాళ్ళకు కూడా వినపడేటంత గొంతుతో మొదలుపెట్టింది. “ఇది పాట్టా? దొరలు ఇట్లాన్ పాడతారా? చెప్తే వినవా నువ్వు?”