శామీర్‌పేటకు గుంజే బండ్లు

షఫీయుద్దీన్ షెడ్డు మేడ్చల్ రైల్వే స్టేషన్‌కు పోయే దారిలో ఒక సందులో ఉంది. పొద్దున్నే వచ్చి షట్టరెత్తి, నేల మీద నీళ్లు చల్లి, నిన్నటి గ్రీజు గుడ్డలు ఎండలో పడేసి, ఎదురు హోటల్ నుంచి చాయ్ వచ్చేదాకా ఊరికే కూర్చోవడం ఆయన అలవాటు. ఇంజన్ల జోలికి పోడు, బ్రేకులు ముట్టుకోడు. ఆయన పనల్లా స్టీరింగే. పాత కార్లకు ముసలితనం ముందుగా అక్కడే బయటపడుతుంది. స్టీరింగ్ బెత్తెడు తిప్పినా టైర్లు ఉలకవు, పలకవు. తిన్నగా పొమ్మంటే తాగినవాడిలా రోడ్డంతా కొలుస్తాయి. అలాంటివాటిని దారికి తేవడంలో షఫీకి మంచి పేరుంది.

ఆ పని ఒక్కడి వల్ల కాదు. ఒకరు సీట్లో కూర్చుని స్టీరింగ్‌ను అటూ ఇటూ ఊపుతుంటే, ఇంకొకరు కింద పడుకుని ఒక్కో కీలు మీదా చెయ్యి పెట్టి ఏది వదులైందో పసిగట్టాలి. పక్క షాపులో పంచర్లు వేసే భిక్షం పిలిస్తే వచ్చి సీట్లో కూర్చునేవాడు. కింద నుంచి షఫీ ‘పకడ్’ అంటే గట్టిగా పట్టుకోవాలి, ‘ఛోడ్ దే’ అంటే వదిలెయ్యాలి. పొద్దస్తమానం ఆ సందులో వినపడేవి ఆ రెండు మాటలే. భిక్షానికి వచ్చిన ఉర్దూ కూడా ఇంచుమించు అంతే.

ఈమధ్య సాయంత్రం షెడ్డు మూసి ఇంటికి పోవాలంటే షఫీకి కాళ్లు సాగడం లేదు. కూతురు ఆఫ్షీన్ పెళ్లయి అత్తారింటికి వెళ్లినప్పుడే ఇల్లు సగమైంది. భార్య షహర్ బాను శామీర్‌పేటలోని పుట్టింటి జామతోటకు వెళ్లాక మిగిలిన సగమూ పోయింది. ఆమె తల్లి బావి దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంటే, తమ్ముడొచ్చి అక్కను వెంటబెట్టుకు పోయాడు. తల్లి లేచి నడుస్తోందని కబురు తెలిసింది గానీ, షహర్ బాను మాత్రం రాలేదు. ఒకరోజు ఫోన్ చేసి ఏదో మాట్లాడుతూనే పెట్టేసింది. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

వెళ్లి తీసుకురావచ్చు కదా అంటే, షఫీ ఇళ్లల్లో ఒక పద్ధతుంది. ఆడబిడ్డను పుట్టింటికి ఎవరు తీసుకుపోతే వాళ్లే తెచ్చి దిగబెట్టాలి. మగడు ఎదురెళ్లి గుమ్మం ముందు నిలబడితే నలుగురూ నవ్వుతారు. బావమరిది తెస్తాడు లెమ్మని ఆయన కూర్చున్నాడు. ఎండలు పోయి వానలు పట్టినా అలాగే కూర్చున్నాడు. ఆమె లేని ఇల్లు బావురుమంటోంది. అన్నం మాడితే కసురుకునేవాళ్లు లేక, మాడిందే తిని పడుకునేవాడు. ఆమె మీద బెంగ పెట్టుకున్నాడన్నది నిజం. ఆ మాట ఎవరైనా అంటే మాత్రం మీదపడి కరిచేలా చూసేవాడు.

బండ్లు దారి తప్పడం ఆ వానల్లోనే మొదలైంది.

ముందుగా వచ్చింది రాజారావు. బందరు వైపు మనిషి, రిటైరయ్యాక ఇక్కడి కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. పాత తెల్ల కారును సొంత తమ్ముడిలా చూసుకుంటాడు. స్టీరింగ్ వదులైందని తెస్తే షఫీ అరిగిపోయిన కీళ్లు మార్చి, చక్రాల వరస సరిచేసి పంపాడు. మర్నాడు పొద్దున్నే ఆయన సంచీ నిండా జామకాయలతో తిరిగొచ్చాడు. స్టీరింగ్ కొత్త బండిలా బిగువుగా ఉందన్నాడు. కౌకూర్‌లో ఉన్న కూతురు హర్షిత ఇంటికని బయల్దేరితే మాత్రం బండి ఎంత తిప్పినా వినకుండా శామీర్‌పేటకు లాక్కుపోయి, ఒక జామతోట గేటు ముందు ఆగిందట. ఎలాగూ వచ్చాం కదా అని కాయలు కొనుక్కున్నాడట.

షఫీ ఆ సంచీ వంక చూశాడు. కారు కింద దూరి అన్నీ మళ్లీ తడిమాడు. ఎక్కడా వదులు లేదు.

తర్వాత రావల్కోల్ నుంచి కూరగాయలు తోలే జయకృష్ణ వచ్చాడు. ఆయన వ్యాను మార్కెట్టుకు పోకుండా టమాటాలతో సహా ఆ గేటు ముందే ఆగింది. ఆ వెనక స్కూలు పిల్లల్ని దింపే దుర్గాబాయి వచ్చింది. పిల్లలంతా ఆ పూట బడి ఎగ్గొట్టి జామకాయలు తిన్నారని మొత్తుకుంది. ఎవరూ ఆశ్చర్యపోలేదు. హారన్ మోగట్లేదని చెప్పినట్టే చెప్పారు, బాగుచెయ్యమన్నారు. మేడ్చల్‌లో ఆ సందువాళ్లకు ఇలాంటివి తెలియనివి కావు.

భిక్షమే ఉన్నమాట అన్నాడు. "పనిజేసెటోని మనసు బండికి తగుల్తది. నాకు పన్ను నొచ్చిన దినాలల్ల నేను గాలిగొట్టిన టైర్లు మూల్గుకుంట తిరగలే? బండి గుంజుతలేదు షఫీ బాయ్, నీ పాణం గుంజుతాంది."

నీ పని నువ్వు చూసుకో అన్నాడు షఫీ. ఆ రోజు మూడు బండ్ల కీళ్లు రెంచి విరిగేంత బిగించాడు. మూడూ శామీర్‌పేటకే పోయాయి.

మెల్లగా గిరాకీ పల్చబడింది. ఆఫీసులకు పోవలసినవాళ్లు వేరే షెడ్లు వెతుక్కున్నారు. జామకాయల మీద మోజున్నవాళ్లు, తీరుబడిగా ఉన్న ముసలాళ్లు మాత్రం వస్తూ ఉండేవాళ్లు. వాళ్లు తెచ్చిన కాయల్లో ఒకటి అడిగి తీసుకుని, షట్టర్ చాటున నిలబడి తినేవాడు షఫీ. నాలుగు చెక్కలుగా కోసి, మధ్యలో ఉప్పూకారం అద్ది, మళ్లీ కాయలా మూసిన తీరు ఎవరిదో ఆయనకు తెలుసు.

ఒకరోజు రాజారావు భార్య సీతామహాలక్ష్మి కూడా ఆ కారెక్కింది. ఆవిడ పక్కనున్నవాళ్ల కష్టసుఖాలు కనుక్కోకుండా బస్సులో కూడా కూర్చోలేని మనిషి. తోట గేటు దగ్గర టార్పాలిన్ కింద గంప ముందేసుకుని కూర్చున్న షహర్ బానును చూడగానే ఎత్తుపీట లాక్కుని పక్కన చేరింది. కారు ఎవరు బాగుచేసిందీ షహర్ బాను అడగలేదు. ఆ సంగతి బండి ఆగిన తీరులోనే తెలిసిపోయింది ఆమెకు. సీతామహాలక్ష్మే కదిపింది. అప్పుడు షహర్ బాను నోరు విప్పింది.

మర్నాడు సీతామహాలక్ష్మి రాజారావుతో కారులో షెడ్డుకొచ్చి షఫీని నిలదీసింది. "షఫీ గారూ, నన్నెప్పుడు తీసుకెళ్తావని ఆవిడ ఫోన్లో అడిగితే, ఛోడ్ దే అన్నారట మీరు. వదిలెయ్యమన్న మనిషి ఇంటికి ఎలా వెళ్లనమ్మా అని ఏడ్చింది. అంత మాట ఎలా అన్నారండీ?"

షఫీ మొహం ఎర్రబడింది. తానెన్నడూ అలా అనలేదని, అంటే నాలుక తెగిపోవాలని ఒట్టేశాడు. ఎవరో గిట్టనివాళ్లు పుట్టించిన మాటన్నాడు. ఇక నిలబడలేక గోనెపట్టా లాక్కుని రాజారావు కారు కింద దూరాడు. భిక్షం పంచరు పనిలో ఉండటంతో రాజారావే సీట్లో కూర్చుని స్టీరింగ్ ఊపాడు.

పకడ్, అన్నాడు షఫీ కింద నుంచి. రాజారావు పట్టుకున్నాడు. షఫీ కీలు నొక్కి చూశాడు.

"ఛోడ్ దే."

ఆ మాట కారు అడుగున రేకుకు తగిలి తన చెవిలోనే పడింది. షఫీ కదలకుండా ఉండిపోయాడు. ఆ రోజూ ఇలాగే పడుకుని ఉన్నాడు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికి ఉంది. రెండు చేతులూ గ్రీజులో ఉన్నాయి. ఆమె ఏదో అడుగుతోంది. పైన భిక్షం ఇంకా స్టీరింగ్ పట్టుకునే ఉన్నాడని, ఆమె మాటకు అడ్డుపడి గట్టిగా అరిచాడు. ఆ తర్వాతే ఫోను తెగింది.

చాలాసేపటికి బయటికొచ్చాడు. కళ్లు తుడుచుకుంటే గ్రీజు మొహమంతా అయింది. రాజారావును తాళాలు అడిగాడు.

తను బాగుచేసిన బండిని షఫీ ఎప్పుడూ నడిపేవాడు కాదు. తన పనిలో తప్పు తనకు కనపడదని, సందు చివరిదాకా భిక్షంతోనే తిప్పించేవాడు. ఇప్పుడు సీట్లో కూర్చుని, చేతులు స్టీరింగ్ చక్రం మీద ఊరికే ఆనించాడు. ఇంతమందిని లాక్కుపోయిన బండి తనను మాత్రం తీసుకుపోదా అనుకున్నాడు. తీసుకుపోతే పద్ధతి తప్పినట్టూ కాదు. అడిగినవాళ్లకు బండి తెచ్చిందని చెప్పొచ్చు.

బండి హైవే ఎక్కింది. తాడు పట్టినట్టు తిన్నగా పోతోంది. శామీర్‌పేట రోడ్డు చీలే చోటు దగ్గరపడింది. చక్రం కదల్లేదు. షఫీ చేతులు పూర్తిగా తీసేశాడు. అయినా బండి ఎటూ గుంజలేదు, తూప్రాన్ వైపు నేరుగా సాగబోయింది. గుంజేదేదో ఇప్పుడు సీట్లోనే కూర్చుని ఉందని ఆయనకప్పుడు అర్థమైంది. వెనక లారీ హారన్ కొడుతోంది. షఫీ రెండు చేతులతో చక్రం పట్టుకుని మలుపు తిప్పాడు.

తోట గేటు ముందు కారు ఆగగానే షహర్ బాను అలవాటు కొద్దీ కాయ తీసి కత్తి పెట్టింది. దిగిన మనిషిని చూసి కత్తి ఆపింది. అత్తగారు, బావమరిది తోటలోని ఇంటి గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు. పక్కతోట వాళ్లు కూడా చూస్తున్నారు. షఫీ గంప ముందు గొంతుక్కూర్చున్నాడు.

"గా దినం బండి కింద ఉన్న. ఛోడ్ దే అన్నది నిన్ను గాదు. స్టీరింగ్ పట్టుకున్న భిక్షానికి జెప్పిన."

ఆమె తలెత్తలేదు. "ఫోన్ల గంత గట్టిగ ఇనబడ్డది. నన్నే అనుకున్న."

"బండ్లన్ని నీ తానకే వచ్చినయి గద. గప్పుడన్న ఎరుక గాలేదా?"

"బండ్లొచ్చినయి," అంది షహర్ బాను. "నువ్వు రాలే."

ఆమె తెల్ల కారు వంక చూసింది, గ్రీజంటిన ఆయన మొహం వంక చూసింది.

"నిన్ను గూడ బండే గుంజుకొచ్చిందా?"

"లే," అన్నాడు షఫీ. గుమ్మంలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా అన్నాడు. "నేనే తిప్పిన."

షహర్ బాను కత్తి తుడిచి గంపలో పెట్టింది. లేచి, తలమీద కొంగు సర్దుకుని, బట్టలు సర్దుకోవడానికి లోపలికి వెళ్లింది.