దక్షిణపు గుమ్మం

అన్యాయం జరిగింది ఎవరికి? మంగాదేవికి. ఎలా జరిగింది? ఐదేళ్ల చదువుకు చివరి పరీక్షనాడు, గోడమీద పెట్టడానికి ఆమె చేతిలో ఒక్క బొమ్మ కూడా లేకుండా చేశారు. చేసినవాడు శ్యామసుందర్, నా అన్నగారి కుమారుడు. బంధుత్వాన్ని మొదటే చెబుతున్నాను. తరువాత మరొకరు వెదికి బయటపెట్టవలసిన అవసరం ఉండకూడదు.

కలకత్తాలో నేను పాఠం చెప్పిన ఆర్కిటెక్చర్ కళాశాలలో తెలుగు విద్యార్థులు అరుదు. 1986లో చదువు ముగించవలసిన తరగతిలో ఇద్దరుండడమే విశేషం. శ్యామ్ తండ్రి బ్యాంకు అధికారి. మంగాదేవి తండ్రి పోలిరాజు శ్రీకాకుళం వైపునుంచి వచ్చి రేవులో బరువులు మోసినవాడు. వారి కాపురం రేవు పక్కనున్న మెటియాబ్రుజ్‌లో ఒకే గదిలో.

మొదటి సంవత్సరం పిల్లలకు నేను చెప్పే తొలి పాఠం ఒకటే. కాగితం మీద గీసే ప్రతి గీతా రేపు ఎవరికో ఒకరికి గోడ అవుతుంది; ఆ గోడ అక్కడే ఎందుకుందని వారు అడిగితే, గీసినవారే జవాబు చెప్పాలి. జవాబు లేని గీతను నా ఎర్ర పెన్సిలు కొట్టివేసేది. నన్ను పెంచిన కాన్వెంటు సిస్టర్లు అంతకంటె కఠినులు కనుక, పిల్లల కన్నీళ్లు నన్నెన్నడూ మెత్తబరచలేదు.

మంగాదేవి చివరి సంవత్సరపు పనికి రేవు కార్మికుల ఇళ్లను ఎంచుకున్నది. ఈ నగరంలో దక్షిణం తెరిచి ఉన్న ఇంటికే విలువ. ఆ గాలి లేకపోతే వేసవిలో ప్రాణం నిలవదు. మన ఉత్తరాంధ్రవారికేమో దక్షిణపు గుమ్మం యముడి వాకిలి. అలాంటివారే నిండిన తన వీధిలో ఇంటింటా అడిగి వచ్చి, ఆమె ప్రతి గదికీ గుమ్మాన్ని తూర్పు వసారాలోకి, పెద్ద కిటికీని దక్షిణానికి పెట్టింది. మెట్లు అడ్డురాకుండా ఆ రెండింటినీ కలపడానికి ఆమె నెలల తరబడి గీసింది, చెరిపింది. నేను చూస్తూనే ఉన్నాను.

ఆ కాలంలో ట్రేసింగు కాగితం మీద ఇంకుతో గీసిన బొమ్మలను చుట్టలుగా చుట్టి ప్రింటు కొట్టుకు పంపేవారు. అమోనియా ఘాటుకు కళ్లు మండే ఆ కొట్టుకు అందరూ వెళ్లనక్కరలేదు. ఒకరు వెళ్లి మిగిలినవారివి కూడా తీయించుకురావడం మా విద్యార్థుల ఆనవాయితీ. ఆసారి శ్యామ్ వెళ్లాడు. తన చుట్టతో తిరిగివచ్చాడు. మంగాదేవిది మినీబస్సులో పోయిందన్నాడు.

మరునాడు జ్యూరీ. అంటే విద్యార్థి తన బొమ్మలను గోడకు గుచ్చి, బయటినుంచి వచ్చిన పరీక్షకుల ఎదుట నిలబడి వాదించుకోవడం. బొమ్మ లేనివారు హాజరు కానట్టే లెక్క. మంగాదేవి ఖాళీ గోడ ముందు నిలబడింది. పక్క గోడమీద శ్యామ్ పేరుతో తూర్పు గుమ్మాలు, దక్షిణపు కిటికీలు, ఆ మెట్లు. పరీక్షకులు అతణ్ణి మెచ్చుకున్నారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు.

నేను విచారణ కోరాను. ఒకే గదిలో పనిచేసే పిల్లల ఆలోచనలు కలవడం సహజమనీ, అధ్యాపకురాలి జ్ఞాపకం సాక్ష్యం కాదనీ తీర్పు చెప్పారు. అన్నగారు నాతో మాటలు మానుకున్నారు. శ్యామ్‌కు పతకం వచ్చింది. మంగాదేవికి పట్టా రాలేదు, విద్యార్థి వేతనమూ ఆగిపోయింది. అదే ఏడు రేవులో పోలిరాజు నడుము విరిగింది. ఆమె మెటియాబ్రుజ్‌లోని ఒక కుట్టుపని కార్ఖానాలో గుడ్డమీద కొలతలు గీసి కత్తిరించే పనికి కుదిరింది.

దుర్గాపూజ ముగిశాక పెద్దల పాదాలకు నమస్కరించే విజయ ఆచారం ఇక్కడి తెలుగిళ్లకూ అలవాటే. శ్యామ్ ఏటా మిఠాయి పొట్లంతో వచ్చేవాడు. నేను ఏటా పాదాలు వెనక్కు తీసుకొని, మంగాదేవి సంగతి ఏం చేశావని అడిగేదాన్ని. పొట్లం బల్లమీద పెట్టి వెళ్లిపోయేవాడు. మళ్లీ ఎందుకు వచ్చేవాడో అతనికే తెలియాలి.

2007లో మెటియాబ్రుజ్‌లో కార్మికులకు ఇళ్లు కట్టే పథకం ఒకటి అతని సంస్థకు దక్కింది. బస్తీవారి అంగీకారం ఉంటేనే నిర్మాణం. సభకు నన్నూ పిలిచాడు. వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాను. వెనుక, తల్లి దాలమ్మ పక్కన, మంగాదేవి కనిపించింది. జుట్టు నెరిసింది, ముక్కుమీద కళ్లద్దాలు.

శ్యామ్ బొమ్మ మీది తెర తొలగించాడు. ఒక్క చూపులో పోల్చుకున్నాను. అవే గదులు, అదే వసారా. కానీ గాలి ఇంకా బాగా రావాలని, కలకత్తాలో ఎవరైనా కోరుకునే విధంగా, గుమ్మాలన్నిటినీ దక్షిణానికి తిప్పి, అందుకు తగ్గట్టు మెట్లనూ గోడలనూ జరిపాడు. దొంగిలించిన ప్లానును సొంతంగా మెరుగుపరచబోయి, అది ఎందుకు అలా ఉండేదో తనకు తెలియదని తానే చాటుకున్నాడు.

ముందు గుసగుసలు. తరువాత దాలమ్మ లేచింది.

"ఏటి బాబూ, దచ్చినం గుమ్మవేటి? మాకు ఇళ్లు కడతన్నావా, మమ్మల్ని యముడింటికి అంపతన్నావా? సిరునామా రాసిచ్చీ, మేవే నడిసి ఎలిపోతాం."

జనం గొల్లుమన్నారు. బెంగాలీ అధికారి ఆమె ఏమన్నదని అడిగాడు. శ్యామ్ తానే అనువదించవలసి వచ్చింది. గాలి కోసమేనని అతడు నచ్చజెప్పబోతే, గాలి కిటికీలోంచి రాదేటి దాదా, అని మరొకామె అందుకుంది. ఈ గుమ్మాలైతే తాము చేరబోమని వరుసలకు వరుసలు లేవసాగాయి. మార్చగలరా లేదా అని అధికారి నిలదీశాడు. శ్యామ్ పెన్సిలు పట్టుకొని బొమ్మ మీదికి వంగాడు. గుమ్మాన్ని తూర్పుకు జరిపితే మెట్లు తగిలాయి. మెట్లు జరిపితే కిటికీ మూసుకుపోయింది. చెరిపాడు. మళ్లీ గీశాడు.

మంగాదేవి నడిచి వచ్చింది. అతని చేతిలో పెన్సిలు తీసుకోలేదు. తన రవికలో దోపుకున్న, గుడ్డమీద కొలతలు గీసే సుద్ద పెన్సిలుతో గోడను అటు, మెట్లను ఇటు గీసి పక్కకు జరిగింది. గుమ్మం తూర్పున, కిటికీ దక్షిణాన.

మీరెవరని అధికారి ఆమెను అడిగాడు.

"ఆయన్నే అడగండి," అన్నది మంగాదేవి. "నేనెవరో ఆయనకి తెలుసు."

శ్యామ్ అధికారివైపు తిరిగాడు. ఆమె తన సహాధ్యాయిని అనీ, ఒకప్పుడు ఈ విషయంలో కొంత సలహా ఇచ్చిందనీ బెంగాలీలో చెప్పాడు. సగం నిజం పూర్తి అబద్ధం కంటె నీచమైనది. మంగాదేవి వెనుదిరిగింది. ఆమె తలుపు దాటితే ఈ మాట ఇక ఎన్నటికీ తేలదని నాకు తెలుసు; అతనికీ తెలుసు. అతడు నావైపు చూశాడు. మేనత్త కనికరిస్తుందని ఆశ కాబోలు. నేను కర్ర ఊతగా లేచి నిలబడ్డాను.

"శ్యామ్, ఆ గీత ఎవరు గీశారు?"

"అత్తయ్యా, ఇక్కడ కాదు."

"ఖాళీ గోడ ముందు ఆమె నిలబడిందీ నలుగురి ఎదుటే. ఇక్కడే."

మంగాదేవి తలుపు దగ్గర ఆగింది గాని, తిరిగి చూడలేదు. శ్యామ్ కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. ముందు బెంగాలీలో, ఆ తరువాత దాలమ్మకు అర్థమయ్యేటట్టు తెలుగులో చెప్పాడు.

"ఈ ప్లాను నాది కాదు. మంగాదేవిది. ఆమె చుట్ట బస్సులో పోలేదు. రాత్రంతా దాన్ని చూసి దింపుకొని, పొద్దున్న నేనే గంగలో పారేశాను."

దాలమ్మ కొంగు నోటికి అడ్డుపెట్టుకొని కూర్చుండిపోయింది.

మాట ఒకటి, తీర్చడం ఒకటి. అతడు ఆ మాటనే విశ్వవిద్యాలయానికి రాసి ఇచ్చేవరకు నేను ఊరుకోలేదు. పతకం తిరిగి అప్పగించాడు. వృత్తి మండలి అతని అనుమతిని రెండేళ్లు నిలిపివేసింది. ఇల్లు గడవదని అతని భార్య నాకు ఫోను చేసి ఏడ్చింది. మంగాదేవి ఇల్లు ఎలా గడిచిందో కనుక్కొమ్మన్నాను.

పథకం ఆ రెండేళ్లూ ఆగింది. మంగాదేవి పగలు కార్ఖానాలో కత్తిరించి, సాయంత్రాలు నా భోజనాల బల్లమీద బొమ్మలన్నీ మళ్లీ మొదటినుంచి గీసింది. విశ్వవిద్యాలయం ప్రత్యేక అనుమతితో జరిపిన జ్యూరీలో పరీక్షకులు ఆమెకంటె చిన్నవారు. ప్రతి గీతకూ ఎందుకని అడిగారు. ఆమె ప్రతిదానికీ జవాబు చెప్పింది. నా ఎర్ర పెన్సిలుకు పని పడలేదు.

పట్టా వచ్చింది, వృత్తి మండలిలో పేరు నమోదైంది. ఆ తరువాతే మెటియాబ్రుజ్ పథకం కాగితాలు మళ్లీ బల్లమీదికి వచ్చాయి. ఆర్కిటెక్టు సంతకం ఉండవలసిన చోట పాత పేరు శ్యామ్‌ది. అతడు అధికారి ఎదుటే దానిని అడ్డంగా కొట్టివేసి, కలాన్ని ఆమెవైపు తిప్పి పట్టుకున్నాడు. మంగాదేవి తన పేరును పూర్తిగా, ఇంటిపేరుతో సహా, తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి రాసింది. ఇరవై మూడేళ్ల బాకీ అంతటితో చెల్లిపోయింది.