మిల్లు వీధిలో ఆఖరి వరండా

పదకొండు దాటేసరికి ఎర్లీన్ చేతి తొడుగులు లోపలిదాకా తడిసిపోయాయి. రోడ్డు పక్క కాలవలో కూరుకుపోయిన టైరును బయటికి లాగడానికి ఆమె, రోస్కో తంటాలు పడుతున్నారు. టైరు నిండా బురద, బురదలో బీరు డబ్బాలు, పసిపిల్లల డైపర్లు. వాగు పొంగినప్పుడల్లా ఎగువ లోయల్లోని చెత్తంతా కొట్టుకొచ్చి స్టోనీ బ్రాంచి ఊరి మొదట్లోనే ఆగుతుంది.

ఇద్దరూ పసుపుపచ్చ టీషర్టులు వేసుకున్నారు. ముందు వైపు ఊరి పేరు, వెనక దాతల పేర్లు: బ్యాంకు, హార్డ్‌వేర్ దుకాణం, కూల్‌డ్రింకుల కంపెనీ.

"చూశావా వదినా," అన్నాడు రోస్కో, టైరులోంచి ఊడిపడ్డ ప్లాస్టిక్ సీసా పైకెత్తి. "వీడి పేరు నా వీపు మీద, వీడి సీసా నా చేతిలో. ముందూ వెనకా వీడికే చాకిరీ."

"మాటలాపి లాగు. నీకు జీతమన్నా ఉంది, నాది ఊరికే సేవ."

"శనివారం జీతమిస్తారని నీకెవరు చెప్పారు?"

రోస్కో మునిసిపాలిటీ ట్రక్కు నడుపుతాడు. గని మూతపడక ముందు ఎర్లీన్ భర్త డెల్మర్‌తో ఒకే షిఫ్టులో బొగ్గు తవ్వాడు. ఆ దుమ్ము ఇద్దరి ఊపిరితిత్తుల్లోనూ ఉంది. రోస్కోకి మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. డెల్మర్‌కి మాట్లాడితేనే వస్తుంది.

ఎర్లీన్ బడి వంటింట్లో గంటకి పన్నెండు డాలర్లకి పనిచేస్తోంది. వేసవిలో బడి ఉండదు, జీతమూ ఉండదు. వాగు ఒడ్డున యాత్రికుల కోసం కాటేజీలు కట్టడానికి ఒక కంపెనీ ఊళ్ళు వెతుకుతోందని, శుభ్రమైన ఊరికిచ్చే బహుమతి తమకొస్తే ఆ కంపెనీ ఇక్కడికే రావచ్చని వసంతకాలంలో జరిగిన సభలో చెప్పారు. ఏడాది పొడుగునా పని దొరుకుతుందన్న మాట విని, అందరికంటే ముందు సేవకి పేరిచ్చింది ఎర్లీనే.

ఆ మాట చెప్పిన మిసెస్ టాల్బర్ట్ ఇప్పుడు గట్టు దిగి వస్తోంది. ఆమె బ్యాంకు మేనేజరు, ఊరి సుందరీకరణ సంఘానికి అధ్యక్షురాలు. ఆమె ప్యాంటుకీ మోకాళ్ళ దాకా బురదే. పొద్దున్నించి అందరితో సమానంగా చెత్త ఏరింది.

"మూడింటికి జడ్జీలు వస్తారు," అంది. "మిల్లు వీధిలో ఇంకొక్క వరండా మిగిలింది. రోస్కో, ట్రక్కు తియ్యండి."

"ఎవరిది మేడమ్?"

ఆమె ఎర్లీన్ వైపు తిరిగింది. "మీదే, ఎర్లీన్. పరాయివాళ్ళొచ్చి తీసేకంటే మనమే తీస్తే మర్యాదగా ఉంటుందని ఇప్పటిదాకా ఆగాను."

"మా వరండాలో ఏముందండీ తియ్యడానికి?"

"సోఫా."

ఎర్లీన్‌కి ఆ మాట వేరెవరి గురించో అన్నట్టు వినిపించింది. ఇంటి లోపల వాడే సామాను వరండాల్లో ఉంచకూడదని అదే సభలో నిబంధన పెట్టారు. చేతులెత్తమంటే ఆమె కూడా ఎత్తింది. అప్పుడు ఆమె మనసులో ఉన్నది ఎదురిల్లు. అందులో ఎవరూ ఉండరు. వరండాలో పడున్న రెండు సోఫాలు కుళ్ళి, అప్పటికి వాటిలో ఎలుకలు కాపురం పెట్టి ఉండేవి. తమ వరండాలో ఉన్నది కూడా సోఫాయేనని ఆ రోజు ఆమెకు తట్టలేదు. ఇంట్లో దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు. అది డెల్మర్ పక్క.

రెండేళ్ళుగా అతను పడుకునేది దానిలోనే. మంచం మీద వెల్లకిలా పడుకుంటే నీళ్ళలో మునిగినట్టు కొట్టుకుంటాడు. తలగడలు ఎన్ని పెట్టినా జారిపోతాడు. ఆ పాత సోఫా ఎడమ మూల అతని వీపుకి తగ్గట్టు గుంటపడింది. అక్కడ చేరబడి, సోఫా చేతి మీద తల ఆనించి, వాగు మీంచి వచ్చే గాలికి మొహం పెడితే కాస్త నిద్ర పడుతుంది. తలుపు ఇరుకు, సోఫా లోపలికి పట్టదు. పట్టినా లోపల ఆ గాలి లేదు. ఇంటి వెనక కొండ గోడలా నిలబడింది, పెరడంటూ లేదు.

"ఆ రూలు ఎదురింటి కోసం కదండీ," అంది ఎర్లీన్.

"రూలు ఒక ఇంటికే పెట్టలేం కదా."

"ఆయన దానిలోనే పడుకుంటాడు."

"నాకు తెలుసు. అందుకే ఊగే కుర్చీ ఒకటి కొన్నాను, నా డబ్బుతోనే. వానకి తడిసినా పాడవదు. డెల్మర్ గారికి పొద్దున ఫోన్ చేస్తే సరేనన్నారు."

"ఆయన దేనికి కాదన్నాడు కనక."

"సోమవారం నుంచి రోజుకి యాభై డాలర్లు జరిమానా పడుతుంది, ఎర్లీన్. అది నా చేతుల్లో లేదు. మీ ఒక్క ఇంటి వల్ల బహుమతి పోతే ఊళ్ళో మీ మొహం చూసేదెవరు? మీ కోసమే చెబుతున్నాను."

ఆమె నిజంగానే ఎర్లీన్ కోసం చెబుతోంది. అందుకే ఎర్లీన్ టైరు వదిలేసింది. వెళ్ళి ట్రక్కులో కూర్చుంది. కుర్చీని వెనక వేసుకుని, మిసెస్ టాల్బర్ట్‌ని కూడా ఎక్కించుకుని రోస్కో ట్రక్కును మిల్లు వీధికి పోనిచ్చాడు.

డెల్మర్ గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వరండాలో ఎదురు చూస్తున్నాడు. బొంత తనే మడతపెట్టాడు. కిటికీలోంచి వచ్చిన ఆక్సిజన్ గొట్టం చెవుల మీదుగా ముక్కు దగ్గరికి చేరింది.

"ఏంటి," అన్నాడు, ఆగి ఊపిరి తీసుకుని. "పెళ్ళికూతుర్ని తీసుకెళ్ళడానికి... ఇంతమంది వచ్చారా?"

"కట్నం కూడా తెచ్చాం అన్నా," అని రోస్కో ఆకుపచ్చ రంగేసిన ఇనప కుర్చీ దించాడు. నవ్వబోయి మానేశాడు.

డెల్మర్ వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. అది ముందుకి ఊగింది. పాదాలు గట్టిగా తన్నిపెట్టి ఆపుకున్నాడు. వెనక్కి వాలితే ఊపిరి అందక, మోచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని వంగాడు.

"బాగుంది," అన్నాడు.

గనిలో నెత్తి మీద కప్పు చిటపటలాడినప్పుడు కూడా కొత్త కుర్రాళ్ళు బెదరకుండా డెల్మర్ అదే మాట, అదే గొంతుతో అనేవాడు. రోస్కో మొహం ట్రక్కు వైపు తిప్పుకున్నాడు.

"సంతోషం అండీ," అంది మిసెస్ టాల్బర్ట్. "చూడ్డానికీ ఎంత బాగుందో."

మిగిలిన వాలంటీర్లంతా వంతెన దగ్గర పూలమొక్కలు నాటుతున్నారు. సోఫా మొయ్యడానికి వీళ్ళిద్దరే. ఎర్లీన్ ఒక కొస పట్టుకుని వెనక్కి నడుస్తూ మెట్లు దిగుతోంది. రెండో కొసతో రోస్కో వరండా మీద ఉన్నాడు. రెండో మెట్టు మీద కాలు ఆనించి ఆమె తలెత్తింది.

డెల్మర్ కుర్చీలోంచి లేచిపోయి వరండా స్తంభాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. గాలి కోసం నోరు తెరుచుకుంది. ఆ నోరు వీళ్ళకి కనపడకూడదని కొండ వైపు చూస్తున్నట్టు మొహం తిప్పాడు.

ఎర్లీన్ ఆగిపోయింది.

"బరువుగా ఉందా వదినా? దించుదామా?"

"వద్దు."

"మరి?"

"వెనక్కి నడు."

రోస్కో కదలలేదు. మిసెస్ టాల్బర్ట్ మెట్ల పక్కకి వచ్చింది.

"ఎర్లీన్, ఇది మీరు కూడా ఒప్పుకున్నదే. మీరు చెయ్యెత్తడం నేను చూశాను."

"ఎత్తానండీ. తప్పే. చెత్త తియ్యమని ఎత్తాను, ఈయన పక్క తియ్యమని కాదు."

"జడ్జీలకి నేనేం చెప్పాలి?"

"వాళ్ళొచ్చేసరికి నిద్రపోతుంటాడు. నెమ్మదిగా మాట్లాడమని చెప్పండి."

"వదిలెయ్యి... ఎర్లీన్," అన్నాడు డెల్మర్, కొండ వైపు నుంచి మొహం తిప్పకుండానే.

"నువ్వు మాట్లాడకు. ఆ ఊపిరి దాచుకో."

రోస్కో గొంతు తగ్గించాడు. "నా ఉద్యోగం కూడా కాస్త చూడు వదినా."

"చూస్తున్నా. నీదీ నాదీ రెండూ కనిపిస్తున్నాయి. వెనక్కి నడు."

ఏటవాలుగా సోఫా ఇద్దరి మధ్యా నిలిచిపోయింది. రోస్కో కిందికి తొయ్యలేదు, వెనక్కీ నడవలేదు. మిసెస్ టాల్బర్ట్ గడియారం చూసుకుంది. ఎర్లీన్ పై మెట్టు మీద కాలు పెట్టి, సోఫాకి భుజం ఆనించి, పైకి తోసింది.